పందెం కోడి గుడ్లు, పెద్ద గుడి గోడలు

మా మనవడు జిమ్ముకు వెళ్తాడు. వెళ్తే వెళ్ళాడు, పొద్దున్నే గుడ్లు ఉడకబెట్టించుకుని, తెల్లది తాను తిని, పచ్చసొనలన్నీ గిన్నెలో వేసి నా ముందుకు తోస్తాడు. "కొలెస్ట్రాల్, అమ్మమ్మా" అంటాడు, అదేదో నాకు మాత్రం అక్కర్లేనట్టు. మొన్న ఆ గిన్నె చూసేసరికి నాకు ఒకటే నవ్వు. నవ్వి నవ్వి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాడు కంగారుపడిపోయి మంచినీళ్ళు తెచ్చాడు. "ఏం కాలేదురా, ఒక ఎండాకాలం మా ఊరు ఊరంతా ఇదే పని చేసింది. కాకపోతే తెల్లసొన మేం తినలేదు, గుడి తినేసింది" అన్నాను. ఎండదెబ్బ తగిలిందేమోనన్నట్టు చూశాడు. వాడికి ఓపిక లేదు, మీరైనా వినండి.

కథెడ్రల్ అనే మాట మా ఊళ్ళో ఫాదర్ గార్లూ బిషప్ గారూ తప్ప ఎవరూ అనేవారు కాదు. మాకది పెద్ద గుడి. కాలవ గట్టు మీద లాకుల దగ్గర నిలబడితే కొబ్బరి చెట్ల తలల పైనుంచి దాని జంట గోపురాలు కనిపించేవి. పడవలవాళ్ళు వాటిని చూసి, ఊరొచ్చేసిందని తెరచాప దింపేవారట. లోపల రెండు వరసల స్తంభాలు, వాటి మీద కమానులు, కమానుల మీద గుండ్రంగా వంగిన కప్పు. తల పైకెత్తి చూస్తూ నడిచి, బెంచీ తగిలి పడిపోని పిల్ల మా ఊళ్ళో లేదు.

దాని చరిత్ర అంతా మా నాయనమ్మ నోట్లో ఉండేది. ఆవిడ చెప్పిందే చరిత్ర, కాదన్నవాడికి ఆ పూట అన్నం లేదు. "ఈ నల్లమట్టిలో అంత బరువు నిలబడదని అందరూ అన్నారటే. ఆ దొర ఫాదర్ విన్నాడా? తాటి మొద్దులు దింపించాడు, దాని మీద గోదారి ఇసక పోయించాడు, ఏనుగుల్ని తొక్కించాడు" అనేది. ఏనుగులు ఎక్కడివి నాయనమ్మా అంటే, "ఉంటాయిలే, ఆ రోజుల్లో అన్నీ ఉండేవి" అనేది. ఇటుకలు గట్టు మీదే ఊక పోసి కాల్చారు. టేకు దూలాలు పాపికొండల నుంచి తెప్పలు కట్టి వదిలితే గోదావరే మోసుకొచ్చింది. రంగుల అద్దాలు మాత్రం ఓడలో గడ్డి చుట్టుకుని వచ్చాయి. ఒక గాలివానకి వాటి మీది అపోస్తలుడి, అంటే ఏసు ప్రభువు శిష్యుడి, బొమ్మ ముఖం దగ్గర అద్దం పగిలిపోతే, ఊళ్ళో దొరికిన నీలం ముక్క బిగించారు. అప్పటి నుంచి ఆయన గడ్డం నీలంగానే ఉంది. మేం పిల్లలం ఆయనకే ఎక్కువ దండాలు పెట్టేవాళ్ళం.

ఆ గుడిలో పాడేది మా మేనత్త. నాన్నకి ఆఖరి చెల్లెలు. నాకు అక్క వయసే అనుకోండి, నన్ను చంకనేసుకుని తిరిగేది. వెనక వైపు చెక్క మెట్లెక్కి పాటల అటక మీద నిలబడి ఆవిడ గొంతు విప్పితే, ఆ పాట ముందుకు పోయి, బలిపీఠం పైన కప్పుకి తగిలి, మళ్ళీ మన నెత్తి మీదుగా తిరిగొచ్చేది. అత్త ఒక్కతే పాడినా నలుగురు పాడినట్టు ఉండేది. "నాదేం లేదే, సగం గుడే పాడుతుంది" అనేది అత్త.

ఒక వానాకాలం కప్పు కారి, లోపల కప్పుకీ గోడలకీ పూసిన సున్నం గచ్చు పొంగింది. ఒక ఆదివారం పూజలో పళ్ళెమంత పెళ్ళ ఊడి ఉపదేశి గారి ఒళ్ళో పడింది. ఉపదేశి గారంటే పిల్లలకి జపాలు నేర్పే పెద్దాయన. జ్ఞానోపదేశం రానివాళ్ళ మీద ఎప్పుడూ బెత్తం ఎత్తేవారు, ఆ రోజు మాత్రం బెంచీ కింద దూరారు. ఇక లాభం లేదని ఫాదర్ గారు పాత గచ్చంతా గీకించేసి కొత్తది వేయించడం మొదలుపెట్టారు. సిమెంటు వద్దు, ముందు ఎలా కట్టారో అలాగే అన్నారు. పెద్దాపురం వైపు నుంచి మేస్త్రీ గారూ ఆయన మనుషులూ దిగారు. గుడి ఆవరణలో ఎద్దుల గానుగ పెట్టి సున్నం నూరారు. కరక్కాయలు నానేసిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పెద్ద పెద్ద తొట్లలో పులుస్తుంటే ఆ వగరు వాసనా తీపి వాసనా కలిసి వీధి వీధంతా కమ్మేసింది. బెల్లం తొట్టి అనుకుని కరక్కాయ తొట్టిలో వేలు ముంచి నాకాను నేను. ఆ రోజంతా నా మూతి మామూలుగా తెరుచుకోలేదు. "దేవుడున్నాడే" అని నాయనమ్మ సంబరపడింది.

గచ్చు గీకేశాక అసలు సంగతి తెలిసింది. అత్త అటక ఎక్కి పాడితే పాట తిరిగి రాలేదు. గచ్చు లేని ఇటుకలు దాన్ని మింగేశాయి. అత్త కిందికి దిగొచ్చి మెట్టు మీద కూర్చుని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పటికే ఆవిడకి పెళ్ళి కుదిరింది. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో మాకు పెళ్ళిళ్ళు చేయరు కాబట్టి ఈస్టర్ దాటిన వారంలో అని మాట. పెళ్ళికొడుకు వాళ్ళది విజయనగరం అవతల. "గుడి అప్పటికి తయారైతే సరే, మీ ఊళ్ళోనే. కాకపోతే మా ఊళ్ళో చేసేద్దామండీ" అని వియ్యంకుడు ముందే చెప్పేశారు. అత్తకి పెళ్ళి ఎక్కడైనా ఒకటే అని అందరూ అనుకున్నారు. కాదు. "ఎల్లిపోయేలోగా ఈ గుడిలో ఒక్కసారి నా పాట నేను వినాలే. వినకుండా ఎల్తే నాకు జన్మంతా వెలితే" అని నాతో చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నేను మేస్త్రీ గారి వెనకాలే తిరిగి, "అయిపోతుందాండీ, అయిపోతుందాండీ" అని ఆయన ప్రాణం తీశాను.

అడుగు పూతలు అయిపోయి, ఆఖరి నునుపు పూత దగ్గరికొచ్చేసరికి తపస్సుకాలం మొదలైంది. ఆ పూతకి సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, గోడకి రాసి, గులకరాయితో రుద్దుతారు. రుద్దగా రుద్దగా గోడలో మన ముఖం కనిపిస్తుంది. అంత గుడికి ఎన్ని గుడ్లు కావాలో మీరే అనుకోండి! ప్రతి ఇల్లూ గుడ్లు ఇవ్వాలని ఫాదర్ గారు పూజలో చెప్పారు. ఉపదేశి గారు బుట్ట పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. కాన్వెంటు వరండాలో అమ్మగార్లతో, అంటే సిస్టర్లతో పాటు ఆడవాళ్ళంతా కూర్చుని గుడ్లు కొట్టి తెల్లది ఒక గిన్నెలోకీ, పచ్చది ఒక గిన్నెలోకీ తీసేవారు.

అక్కడ వచ్చింది చిక్కు. తపస్సుకాలంలో మాకు నీసు పనికిరాదు. గుడ్డు కూడా నీసే. పారేస్తే పాపం, తింటే పాపం. నాయనమ్మ వెళ్ళి అడిగేసింది.

"ఫాదర్ గారండీ, తెల్లసొన గోడకిచ్చాం. మరి పచ్చసొన ఏం చేయమంటారండీ?"

"ఇరుగుపొరుగుకి ప్రేమగా ఇవ్వండమ్మా" అన్నారు ఫాదర్ గారు.

ప్రేమగానే తీసుకెళ్ళాం. సోమవారం శివుడి రోజు తినం అన్నారు. శనివారం వెంకన్న రోజు తినం అన్నారు. మధ్యలో ఒకళ్ళకి ఏకాదశి, ఒకళ్ళకి అమ్మవారి మొక్కు. తినే రోజున మాత్రం ఊరంతా పచ్చసొన కూరే, పచ్చసొన అట్టే, పచ్చసొన పులుసే. ఆ ఎండల్లో అంత వేడి చేస్తే ఒళ్ళు ఊరుకుంటుందా? కరణం గారి దగ్గర్నుంచి కావిళ్ళవాడి దాకా అందరికీ సెగ్గడ్డలే. కూర్చోలేక అరుగుల మీద నిలబడే మాట్లాడుకునేవారు.

ఎదురింటి పిన్నిగారు మాత్రం పచ్చసొనలో కొబ్బరిపాలూ బెల్లమూ వేసి గిలక్కొట్టి, ఆవిరి మీద పెట్టి జున్నులా చేసేది. పైన యాలకుల పొడి. ఆ వాసనకి తపస్సు ఎవడికి నిలుస్తుందండీ? బడి నుంచి రాగానే మా వీధి పిల్లలమంతా ఆవిడ పెరట్లో వరసగా కూర్చునేవాళ్ళం. శనివారం ఫాదర్ గారికి తప్పులు చెప్పుకునే పాపసంకీర్తనకి వెళ్ళినప్పుడు ముందు వెళ్ళినవాడు "ఫాదర్, పచ్చసొన తిన్నాను" అన్నాడు. రెండోవాడూ అదే. నా వంతు వచ్చేసరికి నేను నోరు తెరవకముందే జాలీ అవతల నుంచి, "పచ్చసొనేనా? బెల్లం ఎక్కువైందా, సరిపోయిందా?" అన్నారు ఫాదర్ గారు. అయినా శిక్షగా చదవమనే మూడు పరలోక జపాలు మాత్రం వదల్లేదు.

ఆ పిన్నిగారి భర్త, మేం బాబాయి గారు అనేవాళ్ళం, పందెం కోళ్ళు పెంచేవారు. వాళ్ళ నాన్న నాటి నుంచి వచ్చిన జాతి. ఆ పెట్టల గుడ్లు ఊక బుట్టలో పెట్టి, బుట్ట తన మంచం కిందే పెట్టుకునేవారు, పొదిగించడానికి. కన్న కూతురు పురిటికొచ్చి గుడ్డు అడిగినా, బజారు నుంచి తెప్పించారు తప్ప అందులోది ఇవ్వలేదు. ఉపదేశి గారు బుట్టతో వెళ్తే, "ఇవి గోడల కోసం కాదండీ, బరి కోసం" అని మజ్జిగ ఇచ్చి పంపేశారు. గుడికి కూడా ఆయన రారు. "కోరుకొండ నరసింహస్వామికే నేను మెట్లెక్కలేదు, మీ దేవుడి దగ్గరికి ఏం మొహం పెట్టుకుని వస్తానమ్మా" అనేవారు. నన్ను చూసినప్పుడల్లా మాత్రం, "ఏమ్మా, మీ దేవుడికి ఇంకా కడుపు నిండలేదా? గుడ్లు మరీ ఇంతలా తినేస్తున్నాడేంటి?" అని ఏడిపించేవారు.

ఈస్టర్‌కి వారం ముందొచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాటికి గోడలన్నీ అయ్యాయి. బలిపీఠం పైన కప్పూ, ముందు స్తంభాలూ మిగిలాయి. ఎండలకి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి. ఫాదర్ గారు గోదారి మధ్య లంక గ్రామాల్లో ఉన్న మావాళ్ళకి కబురు పెట్టారు. పాపం, వాళ్ళకి భక్తి ఎక్కువ. మర్నాడే పడవ నిండా బుట్టలు వచ్చాయి. మేమంతా రేవుకి పరిగెత్తాం. మేస్త్రీ గారు బుట్ట మీద గుడ్డ తీశారు. ఎర్రగా, పసుప్పచ్చగా, ఆకుపచ్చగా గుడ్లు మెరిసిపోతున్నాయి. ఒకటి తీసి రాతికేసి కొట్టారు. పెంకు ఊడింది గానీ ఏమీ కారలేదు. అన్నీ ఉడకబెట్టినవే!

"అదేంటండీ, ఏటా ఈస్టర్‌కి గుడికి గుడ్లు తెమ్మంటే ఉడకేసి రంగేసే కదండీ తెస్తాం? అమ్మగార్లే కదండీ నేర్పారు? మా ఆడోళ్ళు తెల్లార్లూ నిద్రపోలేదండీ, ఆయ్" అన్నాడు లంక పెద్ద. ఆయన తప్పేముంది చెప్పండి, పచ్చివి తెమ్మని ఎవరు చెప్పారు గనక?

ఫాదర్ గారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. మేమూ నవ్వాం. అత్త ముఖం చూసి అందరం ఆపేశాం. ఆ రోజే వియ్యంకుడు గుడి చూసుకుందామని వచ్చి, పరంజా కర్రల మధ్య నుంచి పైకి చూసి, తల అడ్డంగా ఊపారు. "ఇంకెందుకండీ, మా ఊళ్ళోనే చేసేద్దాం" అన్నారు. నాయనమ్మ ఆయన్ని పనసతొనలతో, పాలతాలికలతో, మాటలతో ఆ వారమంతా ఆపింది. "శనివారానికి పరంజా దిగకపోతే మీ మాటే నా మాటండీ" అంది. నాయనమ్మ అలా తగ్గి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయం వేసింది.

ఆ సాయంత్రం అత్త నా చెయ్యి పట్టుకుని ఎదురింటికి వెళ్ళింది. బాబాయి గారు అరుగు మీద పుంజుకి కాళ్ళు పిసుకుతున్నారు.

"బాబాయి గారూ, ఆ బుట్ట కావాలండీ" అంది అత్త, ఉపోద్ఘాతం ఏమీ లేకుండా.

ఆయన పుంజుని దించి అత్త వైపు తిరిగారు. "ఎవరు పాడతారు నీ పెళ్ళిలో?" అన్నారు.

"కాన్వెంటు పిల్లలు పాడతారండీ."

"అయితే ఇవ్వను."

"అదేంటండీ బాబూ!"

"రోజూ సాయంత్రం ఈ అరుగు మీద కూర్చుంటే నీ పాట వీధి దాటి వచ్చేదమ్మాయ్. అది విన్నాకే నాకు అన్నం సయించేది. గచ్చు గీకిన దగ్గర్నుంచీ రావట్లేదు. నువ్వు పాడతానంటే గుడ్లు తీసుకెళ్ళు. వేరేవాళ్ళ పాటకి నా జాతి ఎందుకు పణం పెట్టాలి?"

"పెళ్ళికూతురు తలెత్తకూడదండీ, ఇక పాడటం కూడానా? మా అత్తగారు ఏమనుకుంటారు?"

"అది నువ్వు చూసుకో."

అత్త కాసేపు నా జడ కొస పట్టుకుని మెలిపెట్టింది. "పాడతానండీ" అంది చివరికి.

ఆయనే బుట్ట ఎత్తుకుని కాన్వెంటు వరండాకి వచ్చారు. గుడ్డు పగిలినప్పుడల్లా ముఖం పక్కకి తిప్పుకుంటూ, "ఇది డేగ... ఇది కాకి... ఇది నెమలి" అని కోళ్ళ రంగుల పేర్లతో ఏ పెట్ట పెట్టిందో చెబుతూనే ఉన్నారు. పచ్చసొన గిన్నె మాత్రం తన దగ్గరే పెట్టుకుని, "ఇది బయటికి పోవడానికి వీల్లేదు, నేనే తింటాను" అన్నారు. ఈ సంగతి తెలిసి మిగతా పందెంరాయుళ్ళకి పౌరుషం వచ్చింది. ఆయన ఇస్తే మేమివ్వలేమా అని వాళ్ళూ బుట్టలు దించారు. మేస్త్రీ గారికి గుడ్లు మిగిలాయి కూడా.

శనివారం పరంజా దిగింది. కప్పు ఇంకా తడిగా ఉందని ఈస్టర్ పూజ బయట పందిట్లోనే చేశారు. అంటే కొత్త గచ్చు మీద మొదటి పాట అత్త పెళ్ళిలోనే.

ఆ రోజు లోపలికి అడుగు పెట్టిన ప్రతివాళ్ళూ ఒక్క క్షణం ఆగిపోయారు. స్తంభాలు పాలమీగడలా మెరుస్తున్నాయి. రంగుల అద్దాల వెలుతురు వాటి మీద పడి జారుతోంది. అత్త తెల్ల పట్టుచీరలో, ముసుగు కప్పుకుని, తల వంచుకుని నడిచింది. వియ్యపురాలు ముందు బెంచీలో కర్రలా నిటారుగా కూర్చుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. గుమ్మం బయట, చెప్పుల గుట్ట పక్కన, ఇస్త్రీ కండువా వేసుకుని బాబాయి గారు నిలబడి ఉన్నారు.

కాన్వెంటు పిల్లలు మొదటి చరణం అందుకున్నారు. అత్త తల ఎత్తలేదు. ఇక పాడదు, భయపడిపోయింది అనుకున్నాను. రెండో చరణం దగ్గర పిల్లలు ఊపిరి తీసుకున్నారు. ఆ సందులో అత్త ముసుగు వెనక్కి తోసేసి గొంతు ఎత్తింది. పాట పైకి పోయింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత వచ్చిందండీ, కప్పు నుంచి, కమానుల నుంచి, అన్ని స్తంభాల నుంచి ఒక్కసారే! నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. అత్త పాడుతూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. నాయనమ్మ, "అదిగో, వచ్చింది, నా తల్లి, వచ్చింది" అంటూ పక్కావిడ భుజం బాదేసింది.

పాట అయిపోయింది. మా గుడిలో చప్పట్లు కొట్టే అలవాటు లేదు. అప్పుడు బాబాయి గారు చెప్పులు విడిచి, గుమ్మం దాటి, మధ్య దారిలోకి వచ్చేసి, బరి దగ్గర అరిచినట్టు "శెభాష్!" అని అరిచి రెండు చేతులూ చరిచారు. ఆ శెభాష్ కూడా కప్పుకి తగిలి తిరిగొచ్చింది. జనం బిత్తరపోయారు. బలిపీఠం దగ్గర ఫాదర్ గారు పకపకా నవ్వి తానూ చప్పట్లు కొట్టారు. ఇక ఆగుతామా? గుడి దద్దరిల్లిపోయింది. వియ్యపురాలు నాయనమ్మ వైపు వంగి, "మా గుడి చిన్నదండీ. ఈ పిల్ల అక్కడ కూడా ఇలాగే పాడుతుందా?" అంది. ఆవిడ గొంతులో కోపం ఏ మూలా లేదు.

అత్త వెళ్ళిపోయింది. ఆ ఊళ్ళో చాలా ఏళ్ళు పాడింది, పిల్లలకి నేర్పింది. గానుగ రాళ్ళు గుడి వెనక గడ్డిలో మునిగిపోయాయి. ఫాదర్ గారు మారారు, తర్వాతవాళ్ళూ మారారు. నాయనమ్మ గుడి పక్క మట్టిలోనే, తన ఏనుగులు తొక్కిన చోటే పడుకుంది. ఊళ్ళో ఇప్పుడు ఎవరింట్లోనూ పెట్టలు లేవు, గుడ్లు అట్టల్లో వస్తాయి. ఆ వేసవి గుర్తొస్తే మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళంతా సంతోషమే.

బాబాయి గారి జాతి ఆ బుట్టతోనే ఆగిపోయింది. ఉన్న పెట్టలు అప్పటికే ముసలివి, మళ్ళీ గుడ్డు పెట్టలేదు. పెద్దదాన్నయ్యాక ఒకసారి ధైర్యం చేసి అడిగాను, ఎప్పుడైనా బాధపడ్డారా అని. ఆయన అదే అరుగు మీద, ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నారు. నా వంక చూసి, పిచ్చిదానా అన్నట్టు నవ్వారు.

"జన్మంతా ఎన్ని పుంజుల్ని పెంచానమ్మా! అన్నీ కూశాయి. పాట పాడినవి ఆ గుడ్లే."